సవరణ: స్టీవ్ హౌ ఒకరు కాదు, ఇద్దరు

బేస్‌బాల్‌లోను, పాప్ సంగీతంలోను ఒకే పేరున్నవారి గురించి రాసిన గత టపాలో స్టీవ్ హౌ మత్తుమందుల కేసు ప్రస్తావన, గిటారిస్టు పరిచయం ఒకే పేరాలో వచ్చాయి. ఆ కేసు గిటారిస్టుది కాదు. బతికున్న కళాకారుడి పేరుకు సంబంధించిన విషయం కాబట్టి దీన్ని విడిగా స్పష్టం చేయడం అవసరం.

గిటారిస్టు స్టీవ్ హౌ 1947లో లండన్‌లో పుట్టారు. 1970లో యెస్ అనే రాక్ సంగీత బృందంలో చేరారు, తర్వాత ఏషియా అనే రాక్ బృందంలోనూ వాయించారు.

బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) స్టీవ్ హౌ 1958లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు తరఫున ఆడి, 1980లో అమెరికా అగ్రస్థాయి బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యారు. మరుసటి ఏడాది ఆ లీగ్‌ల విజేతల మధ్య జరిగే తుది పోరు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులోనూ ఉన్నారు. కొకెయిన్ వ్యసనం వల్ల ఏడుసార్లు సస్పెండయ్యారు. 1984 సీజన్ మొత్తం ఆటకు దూరమయ్యారు. 1992లో జీవితకాల నిషేధం పడితే, మధ్యవర్తి దాన్ని కొట్టివేశారు. 2006లో కాలిఫోర్నియాలో రోడ్డు ప్రమాదంలో మరణించారు. అంత ప్రతిభ అలా కరిగిపోవడం నిజంగా బాధాకరం. ఆయనను కేవలం నిషేధాలతోనే గుర్తుపెట్టుకోవడమూ న్యాయం కాదు.

గత టపాలోని ఒకే పేరున్నవారి జాబితా నుంచి బెర్నీ విలియమ్స్ పేరు కూడా తొలగించాం. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు సెంటర్ ఫీల్డరు (మైదానం వెలుపలి భాగంలో మధ్యన ఉండే ఫీల్డరు), 2003లో గిటార్ ఆల్బమ్ విడుదల చేసిన సంగీతకారుడు ఇద్దరు కాదు, ఒకే వ్యక్తి. ఆట మానేశాక మన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి, 2016లో పట్టా కూడా అందుకున్నారు.