నవ్వండి నాయనా, కానీ ఆ టైటిల్ ఒక్కసారి చదవండి

నిన్నటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే రీల్. పైన ప్రభాస్, కింద బెంగాలీ హీరో ప్రసేన్‌జిత్, మధ్యలో పడీ పడీ నవ్వే బొమ్మలు. ‘మన ఛత్రపతిని బెంగాలీవాళ్లు ఏం చేశారో చూడండి’ అట.

పైన 2005 సినిమాకి శుభ్రంగా కడిగి తుడిచిన ప్రింటు. కింద దాని బెంగాలీ రీమేక్, 2006 ‘రెఫ్యూజీ’కి మసకబారిన వీసీడీ కాపీ, అదీ సౌండ్ పీకేసి. ఆహా, ఏం పోలిక!

స్లో మోషన్ సరిగా లేదని ఇంకో వెక్కిరింపు. అవి ఫిల్ము మీద తీసిన రోజులు బాబూ. 1,000 అడుగుల రోలు సెకనుకి 24 ఫ్రేముల మీద 11 నిమిషాలు వస్తుంది. స్లో మోషన్ కోసం 120 ఫ్రేముల మీద తిప్పారా, రెండుంపావు నిమిషాల్లో ఖాళీ. పైగా ఒక్కో ఫ్రేముకి వెలుతురు ఐదో వంతే అందుతుంది కాబట్టి 2 స్టాపులకి (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు) పైనే లైటు పెంచాలి. రాత్రి ఫైటు అయితే ఇంకో జనరేటర్. చిన్న మార్కెట్‌లో నిర్మాత కత్తెర ముందు పడేది అక్కడే. స్లో మోషన్ పోతే కొట్టిన దెబ్బలో బరువు పోతుంది, హీరో చెయ్యెత్తేలోపే రౌడీ గాల్లో ఉంటాడు. తేడా ఉంది, ఎవరు కాదన్నారు?

అన్నట్టు టాలీవుడ్ అనే పేరు కూడా వాళ్లదే. కలకత్తాలో సినిమా స్టూడియోలుండే టాలీగంజ్ మీదుగా 1932లోనే పుట్టింది. కాపీ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ముందు అది తిరిగిచ్చేయండి.

అసలు మంట వేరే. మన హీరో ఎవరు? శ్రీలంక తీరం నుంచి తరిమేస్తే విశాఖ పోర్టులో వచ్చి పడ్డ కాందిశీకుడు. ఎవరికైనా గుర్తుందా? ఇంటర్వెల్ ఫైటు గుర్తుంది, అమ్మ సెంటిమెంటు గుర్తుంది. మనం మహారాజు బిరుదు పెట్టుకున్నాం. వాళ్లు అదే కథకి మొహమాటం లేకుండా ‘రెఫ్యూజీ’ అని పెట్టారు. కలకత్తా సీల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద కాందిశీకుల కాపురాలు చూసినవాళ్లకి, 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది సరిహద్దు దాటి రావడం చూసినవాళ్లకి ఆ మాటకి అర్థం చెప్పే పని లేదు.

మనకి మాత్రం ఉండాలా? విశాఖలో బర్మా క్యాంపుకి ఆ పేరెందుకొచ్చిందో అక్కడ ఆటో దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు? బర్మాలో 1962లో సైన్యం గద్దెనెక్కాక కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లు ఎందరో.

కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాం, నజ్రుల్ నగర్ సంగతీ అంతే. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లని తెచ్చి అక్కడ పెట్టారు. మనవలు పుట్టి తెలుగులో వాదులాడుకుంటున్నా ఆ ఊరు మనకి ఇంకా ‘బెంగాలీ క్యాంపే’. వాళ్లలో ఉన్న నామశూద్ర కులంవాళ్లు పశ్చిమ బెంగాల్‌లో ఎస్సీలు. ఇక్కడి జాబితాలో ఆ పేరే లేదు. సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి చెప్పులరగాల్సిందే. దాని మీద ఒక్క రీల్ చెయ్యండి చూద్దాం! వ్యూస్ రావు కదా.

ఆ క్యాంపు పిల్లల ఫోన్లలోకీ ఈ వీడియో వెళ్లే ఉంటుంది. వాళ్లేం నవ్వారో కనుక్కుని ఇక్కడే కామెంట్ పెట్టండి.