లుక్ ఇంటూకి భూతకాలం లేదు

ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బులు రావడం లేదని కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలకి నాదో సలహా. ఫీజు దండగ. వానాకాలం నాట్లు మునిగాక గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్ళండి, 'లుక్ ఇంటూ' అనేది ఇక జన్మలో మర్చిపోరు.

డిక్షనరీ ప్రకారం ఒక విషయాన్ని ఆరా తీయడం, విచారించడం అని అర్థం. పాపం, అది రాసినవాళ్ళు మా ఊరి డ్రెయిన్ చూడలేదు. గట్టు నుంచి గట్టుకి గుర్రపుడెక్క పట్టేసి, ఊదా పూలు పూసి, దాని మీద కొంగలు దర్జాగా నడుస్తుంటే, కిందనున్న నీళ్ళు పోయే దారిలేక సార్వా, అంటే వానాకాలం వరి, చేలోకి ఎగదన్నుతుంటాయి. వారం అలా నిలబడిందంటే దుబ్బు పట్టుకోగానే ఊడొస్తుంది, మొదలు దగ్గర మెత్తగా, కుళ్ళు కంపు.

ఇదంతా రాసిస్తే సారు కళ్ళజోడు సర్దుకుని "వియ్ విల్ లుక్ ఇంటూ ఇట్" అన్నారు.

"ఏమన్నార్రా?" అన్నాడు బయట బాబాయి.

"లోపలికి చూస్తారంట బాబాయ్."

"ఎందులోకి? డ్రెయిన్లోకా, మన జేబులోకా?"

వ్యాకరణానికి వద్దాం. దీనికి భవిష్యత్కాలం ఉంది. గుర్తుచేయడానికి వెళ్ళినప్పుడల్లా 'లుకింగ్ ఇంటూ' అని వర్తమానమూ ఉంది. భూతకాలం మాత్రం మా వైపు వాడిన దాఖలా లేదు. పై ఆఫీసుకెళ్తే 'ఈజ్ బీయింగ్ లుక్డ్ ఇంటూ' అని కర్మణిలోకి మారిపోతుంది, అప్పుడిక చూసేదెవరని అడుగుదామన్నా వాక్యంలో కర్తే ఉండడు. వాయిదా వేయడమనే 'పుట్ ఆఫ్' అయితే 'పుట్ ఇట్ ఆఫ్' అని మధ్యలో మాట దూర్చొచ్చు, 'లుక్ ఇంటూ'లో ఆ రెండు ముక్కల మధ్య మన పనిని పెట్టడానికి వీల్లేదు. వాడుకలో మాత్రం రెండూ కవలలే.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి 1852కల్లా ముగించేసిన కాటన్ దొరకి ఇంగ్లీషు మాతృభాషే అయినా ఈ ప్రయోగం తెలిసినట్టు లేదు. 2011లో కోనసీమ రైతులైతే ఇంకో ముక్క కూడా నేర్చుకున్నారు, క్రాప్ హాలిడే అని, అంటే ఆ పంటకి నాట్లే మానేయడం.

మా బాబాయికి పాఠం బాగా వంటబట్టింది. మొన్న అప్పు వాయిదా గురించి సొసైటీ కుర్రాడొస్తే అరుగు మీంచి లేవకుండానే "లుక్ ఇంటూ ఇట్ అండి, ఆయ్" అన్నాడు.

"ఎటకారమా అండీ?"

"అబ్బే, ఆఫీసు భాషేనండి. అర్జీ రాసిచ్చి వెళ్ళండి, నంబరేసి ఉంచుతాం."