అది లూప్ కాదు స్వామీ, మనిషి వాయించాడు

పొద్దున్నుంచి ఒక రీలు తిరుగుతోంది. క్యాన్ బ్యాండ్ వాళ్ల "హల్లెలువా" ముక్కొకటి వెనకాల పెట్టి, ఒకాయన కళ్లు పెద్దవి చేసి చెబుతున్నాడు: "ఫ్రెండ్స్, 1971లోనే జర్మన్లు డ్రమ్ మెషీన్‌తో లూప్ చేసేశారు! దటీజ్ జర్మన్ టెక్నాలజీ!" వేలల్లో లైకులు.

దండం నాయనా. అది మెషీన్ కాదు, ఒకే ముక్కని మళ్లీ మళ్లీ తిప్పే లూపూ కాదు. యాకీ లీబెత్సైట్ అనే మనిషి, రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్న మనిషి, కూర్చుని వాయించాడు. పద్దెనిమిది నిమిషాల పైచిలుకు పాట. దాని కోసం గంటల తరబడి వాయించిన టేపు వేరే.

జర్మనీ అనగానే మనవాళ్లకి బెంజ్ కారు, రోబో. కొలోన్ ఊరి బ్యాండైన క్యాన్‌కి, మెషీన్లతో సంగీతం చేసే డసెల్‌డార్ఫ్ బ్యాండు క్రాఫ్ట్‌వెర్క్ వాళ్ల చొక్కా తొడిగేయడమే. అన్నీ ఒకటేగా, జర్మన్లేగా!

1968లో మొదలెట్టినప్పుడు వీళ్ల దగ్గరున్న టెక్నాలజీ ఏమిటో తెలుసా? రెండు ట్రాకుల (అంటే శబ్దాన్ని విడివిడిగా పట్టే దారుల) టేప్ రికార్డరు. రెండంటే రెండే. డ్రమ్స్, బాస్, గిటార్, కీబోర్డు, గొంతు అన్నీ ఒకే గదిలో, ఒకేసారి. గిటార్ ఎక్కువైందని తర్వాత తగ్గించడానికి లేదు, ఎందుకంటే అది డ్రమ్స్‌తో కలిసిపోయి టేపెక్కేసింది. వాయించేటప్పుడే ఎవరు ఎంత గట్టిగా వాయించాలో తేలిపోవాలి. పైన ఇంకో వాద్యం కావాలంటే ఈ టేపుని ఇంకో మెషీన్ మీదికి ఎక్కిస్తూ దానితో కలిపి వాయించాలి. ఎక్కించిన ప్రతిసారీ "స్‌స్‌స్" పెరుగుతుంది. అందుకే రెండు మూడు సార్లకి మించి ఆ పని పెట్టుకోరు. మద్రాసు స్టూడియోల్లో పాత సినిమా పాటలు ఎలా తీసేవారో తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పితే మళ్లీ మొదటి నుంచి.

ఇక ఎడిటింగ్. ఇప్పుడు రీలంటే వేలితో పైకి తోసేది. అప్పుడు రీలంటే చేత్తో తిప్పేది. హోల్గర్ చూకై (బాస్ కూడా ఆయనే, కీబోర్డు వాయించే ఇర్మిన్ ష్మిట్‌లాగే జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ దగ్గర చదువుకున్నవాడు) గంటల జామింగ్‌ని, అంటే ముందే రాసుకోకుండా కలిసి వాయించినదాన్ని, బ్లేడుతో కోసి పాట చేసేవాడు. టేపు సెకనుకి 38 సెంటీమీటర్లు నడుస్తోందనుకోండి. లయ నిమిషానికి 120 దెబ్బలైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య సరిగ్గా 19 సెంటీమీటర్ల టేపు. రీళ్లని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తే కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) "గుర్ర్" మంటుంది. అక్కడ టేపు వీపు మీద పెన్సిల్ గీత. ఏటవాలుగా కోత, ఎందుకంటే నిలువుగా కోస్తే అతుకు దగ్గర "టక్" మంటుంది. అతికే పట్టీ వీపు వైపే వెయ్యాలి, శబ్దాన్ని పట్టే మందు పూసిన వైపు వేశారో ఆ ముక్క మూగబోయినట్టే. బ్లేడుకి అయస్కాంతం పట్టినా అతుకు దగ్గర చప్పుడే.

ఇంత చేసినా డ్రమ్మర్ 120 నుంచి 116కి జారితే అంతా వృథా. దెబ్బకి ఆరేడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, పదో నిమిషం ముక్కని నలభయ్యో నిమిషం ముక్కకి అతికిస్తే పాట కుంటుతుంది. కుంటలేదు కాబట్టే కదా రీలు బాబు దాన్ని లూప్ అనుకున్నాడు! లీబెత్సైట్ ఫ్రీ జాజ్ నుంచి వచ్చినవాడు, తాళమే లేని సంగీతంలో మునిగితేలి, విసిగి, ఒకే ఆవర్తాన్ని పట్టుకుని కూర్చున్నాడు. అది చేతకాక కాదు.

అసలు కామెడీ ఏంటంటే, క్యాన్ పాటల్లో డ్రమ్ మెషీన్ నిజంగానే ఉన్న పాట ఒకటుంది. "స్పూన్". టీవీ సీరియల్‌కి చేసింది, 1972లో జర్మనీలో పెద్ద హిట్టు. పాతకాలం రిథమ్ డబ్బా "టిక టిక" అంటుంటే దాని మీద లీబెత్సైట్ వాయించాడు. దాని మీద రీలు రాదు. డబ్బా ఉన్నచోట డబ్బా వినపడదు, మనిషి ఉన్నచోట డబ్బా వినపడుతుంది. ఆ పాట ఉన్న ఆల్బమ్ "ఏగె బామ్యాసి". టర్కీ భాషలో ఏజియన్ బెండకాయ అని. కవర్ మీద బెండకాయల డబ్బా. దాన్ని కూడా జర్మన్ మిర్చి అంటారేమో, చెప్పలేం.

అప్పటికి కొలోన్ దగ్గరి వైలర్స్‌విస్ట్ అనే ఊళ్లో ఒక పాత సినిమా హాలుని స్టూడియో చేసుకున్నారు. గోడలకి సైన్యం పరుపులు, 1,500. అదీ "జర్మన్ టెక్నాలజీ". 1975లో "ల్యాండెడ్" ఆల్బమ్‌కి పదహారు ట్రాకులొచ్చాయి. ఎవడి ట్రాకు వాడిది, కలిసి ఊపిరి పీల్చాల్సిన పని తప్పింది. నన్నడిగితే సంగీతం అక్కడే పలచబడింది. తిట్టేవాళ్లు తిట్టండి.

కానీ ఈ జబ్బు ఆ రీలు బాబుతో మొదలైంది కాదు. మన క్యాసెట్ కవర్లు గుర్తున్నాయా? హీరో ఫొటో, సంగీతం ఫలానా, రచన ఫలానా, గానం ఫలానా. ఆ డోలక్ ఎవరిది? ఆ డప్పు ఎవరిది? పెళ్లి బరాతులో ఇప్పటికీ జనాన్ని ఎగరేస్తున్నది ఆ దెబ్బే కదా, దానికో పేరుండదా? పాట బావుంటే సంగీత దర్శకుడి మేధస్సు, దరువు బావుంటే "ఏ కీబోర్డో అయ్యుంటుంది". ఇన్నేళ్లలో ఒక్క అంగుళం జాగా దొరకలేదు, వెనకాల కంపెనీ అడ్రసుకి మాత్రం దొరికింది.

క్యాన్ వాళ్లు రచన కింద అందరి పేర్లూ వేసుకున్నారు. డ్రమ్మర్ పేరు కూడా, పాడినవాడితో సమానంగా. 1969లో పాడిన మాల్కం మూనీ అయినా, మ్యూనిక్ వీధిలో పాడుకుంటుంటే పట్టుకొచ్చిన డామో సుజుకి అయినా అదే పద్ధతి. లీబెత్సైట్ 2017 జనవరిలో పోయాడు, చూకై అదే ఏడు సెప్టెంబర్‌లో.

రీలు బాబు కూడా కింద క్రెడిట్ ఇచ్చాడండోయ్, పాపం. వీడియో ఎడిట్ చేసిన యాప్‌కి.