మహారాజశ్రీ స్ట్రోలర్ గారికి, ఉభయ కుశలోపరి

మహారాజశ్రీ స్ట్రోలర్ గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అటక మీద, పాత కూలర్‌కీ దీపావళి లైట్ల అట్టపెట్టెకీ మధ్య క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. ఇటలీ నుంచి వచ్చి మూడు నెలలైంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గేలా లేదు, అందుకని రాసేస్తున్నాను.

చిన్నాణ్ణి కూర్చోబెట్టి తోసుకెళ్ళడానికి మిమ్మల్ని కొన్న వైభవం గుర్తుందా? పెళ్ళిచూపుల్లో కూడా మా ఆయన అన్ని ప్రశ్నలు వేయలేదు. బరువెంత, వెడల్పెంత, మడిస్తే ఎంత, చక్రాలు రబ్బరువా ప్లాస్టిక్‌వా. మొత్తం పద్నాలుగు వీడియోలు చూశారు. ఒంటిచేత్తో, ఒక్క సెకనులో మడతపడుతుందని అందులో ఒకావిడ నవ్వుతూ చూపించింది. ఆవిడ రెండో చేతిలో పిల్లాడు లేడు, భుజాన సంచీ లేదు, బండిలో సామాను లేదు, వెనక రైలు ఎక్కడానికి తొందరపడే జనం లేరు. ఈ తేడాలన్నీ మాకు తీరిగ్గా రోమ్‌లో తట్టాయి.

అత్తయ్య మాత్రం ఫోన్‌లో ఒకే ఒక్క మాట అన్నారు. "రెండున్నరేళ్ళ వెధవకి బండెందుకే, నీకు నడుం లేదూ?" ఆ రోజు ఇద్దరం తెగ నవ్వుకున్నాం.

సరే, రోమ్ సంగతి. అక్కడి పాత వీధుల్లో పరిచిన నల్లరాళ్ళను సాన్‌పియెత్రీని అంటారు. అగ్నిపర్వతపు రాయిని అరచేయంత ముక్కలుగా చెక్కి, పక్కపక్కనే నేలలోకి దిగ్గొడతారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, కాదనను. ఆ పేరు సెయింట్ పీటర్ నుంచి వచ్చింది. స్వర్గం తాళంచెవులు ఆయన దగ్గరే ఉంటాయట. మీ ముందు చక్రం మొదటి సందులో దిగబడి, వెనక నుంచి తోస్తున్న మా ఆయన మీ మీదుగా అవతల పడబోయినప్పుడు, ఆయన దర్శనం మాకు ఇంచుమించు అయిపోయింది.

మీలో కూర్చున్న చిన్నాడు "అమ్మా, నీళ్ళు" అన్నాడు. అది "అ-అ-అ-మ్మా-ఆ-ఆ, నీ-ఈ-ఈ-ళ్ళు" అని వినిపించింది, పాత బస్సులో ఇంజిన్ బానెట్ మీద కూర్చుని మాట్లాడినట్టు. వాడికది బ్రహ్మాండంగా నచ్చింది. అరగంట సేపు పాటలు పాడాడు. తర్వాత తాగిన పాలన్నీ కక్కేశాడు. అడుగు బుట్టలో పెట్టిన అటుకులు సాయంత్రానికి పిండయ్యాయి. మిక్సీ లేని లోటు తీర్చారు, దానికి మాత్రం మీకు రుణపడి ఉన్నాం.

ఆ మర్నాటి నుంచి వాడు మీ దగ్గరకు రాలేదు. వస్తే ఒట్టు. సింహాసనం ఖాళీగా ఉండకూడదని మేం ఒక్కొక్కటీ అందులో పెట్టడం మొదలుపెట్టాం. డైపర్ల కట్ట, పాప స్వెట్టర్, రెండు లీటర్ల నీళ్ళు, కందిపొడి డబ్బా, వాన వస్తే ఒకటి, రాకపోతే ఒకటి అని రెండు జతల బూట్లు. పైన ఎండ తగలకుండా గొడుగు. పక్కన నేను, చిన్నాణ్ణి చంకన వేసుకుని. వాహనమని కొన్నాం మిమ్మల్ని. రెండో రోజుకల్లా మీరు ఉత్సవమూర్తి అయ్యారు, మేం వాహనాలమయ్యాం.

స్పానిష్ స్టెప్స్ దగ్గర ఆ వాహనసేవ ఘనంగా జరిగింది. నూట ముప్పై పైచిలుకు మెట్లు. మిమ్మల్ని భుజాన వేసుకుని సగం దూరం దిగిన మా ఆయన, ఆయాసం తీర్చుకుందామని కూలబడబోయారు. విజిల్! 2019 నుంచి ఆ మెట్ల మీద ఎవరూ కూర్చోకూడదు. మెట్లు కట్టిందే దిగేవాళ్ళ కోసం, దిగే శక్తి లేనివాళ్ళ కోసం కాదన్నట్టు చూసింది ఆ పోలీసమ్మాయి. నిలబడే మిమ్మల్ని కౌగిలించుకుని రొప్పారు ఆయన. దూరం నుంచి ఎవరైనా చూస్తే ప్రేమనుకునేవాళ్ళు.

మీకు న్యాయం చేయాలి కదా, ఒక్క కొలోసియంలో మాత్రం మీరు గెలిచారు. అక్కడ లిఫ్టు ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి కట్టడంలో లిఫ్టు ఉంటే, మేం దిగిన మెట్రో స్టేషన్‌లో లేదు. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు టికెట్టు డబ్బులు కూడా లేవు. పాప అంతా తిరిగి చూసి, "ఇంత పెద్దది విరగ్గొడితే వాళ్ళమ్మ ఏమీ అనలేదా?" అని అడిగింది. ఆ తర్వాత దానికి కొలోసియం మీద ఆసక్తి పోయింది. బయట వీధి కుళాయి దొరికింది మరి. రోమ్‌లో ఇలాంటి కుళాయిలు రెండున్నర వేల దాకా ఉన్నాయి. వంకర ముక్కులా గొట్టం ఉంటుంది కాబట్టి నసోనీ, అంటే పెద్ద ముక్కులు, అంటారు. గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్ళు ఫౌంటెన్‌లా ఎగుస్తాయి. మా ఇద్దరు పిల్లలకూ రోమ్ అంటే అదే. లక్షలు ఖర్చు పెట్టి కుళాయి చూపించి తీసుకొచ్చామని మా ఆయన ఇప్పటికీ బాధపడతారు.

ఫ్లోరెన్స్ చేరాక సాయంత్రం ఆరింటికే పిల్లలకు ఆకలి. ఏడున్నరకు గానీ మంచి హోటళ్ళలో వంట మొదలవదు. ఆ గంటన్నర ఎలా గడిచిందో మీకు తెలుసు, బిస్కెట్ ప్యాకెట్లన్నీ మీ ఒళ్ళోంచే వెళ్ళాయి. అందులో ఓ అరగంట ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గర గడిచింది. అక్కడ పూఫ్ఫో అని నీలం రంగు జెలాటో ఒకటి పిల్లల కోసమే చేస్తారు. కార్టూన్‌లో నీలం బొమ్మలుంటాయే, వాటి పేరే దానికి పెట్టారు. పిల్లలకు మూతులు నీలం, మీకు సీటు నీలం.

ఏడున్నరకు హోటల్ తలుపు తీయగానే లోపలికి వెళ్ళబోతే సర్వరు పెద్దాయన మిమ్మల్ని చూసి, వేలితో బయట గోడ చూపించాడు. మా ఆయనకు మొహం మాడిపోయింది. పిల్లలున్నవాళ్ళను రానివ్వరేమోనని నాకూ అనుమానమే. అంతలో ఆ సర్వరు చిన్నాణ్ణి నా చంకలోంచి లాక్కుని, "చావో, బెల్లో!" (హలో, అందగాడా అని) అంటూ తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయి పిజ్జా పొయ్యి చూపించుకొచ్చాడు. మెనూలో లేని తెల్ల పాస్తా, వట్టి వెన్న, ఛీజు వేసింది, అడక్కుండానే తెచ్చి పెట్టాడు. దాని మీద నేను కందిపొడి చల్లితే ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు గానీ ఏమీ అనలేదు. బిల్లులో కొపెర్తో అని మనిషికింత చొప్పున వేస్తారక్కడ, కూర్చున్నందుకూ రొట్టెకీ కలిపి. చిన్నాడికి వేయలేదని మా ఆయన మురిసిపోయారు. గోడకి ఆనుకుని నిలబడ్డారు కాబట్టి మీకూ వేయలేదు.

అప్పుడర్థమైంది నాకు. ఆ దేశంలో పిల్లలకు ఎక్కడా అడ్డు లేదు. అడ్డంతా మీకే. బస్సులో చిన్నాణ్ణి చూస్తే ముసలమ్మలు లేచి సీటిస్తారు. మిమ్మల్ని చూస్తే నిట్టూరుస్తారు. అలాంటిచోటికి మిమ్మల్ని పిల్లల సౌకర్యం కోసమని పదిహేను గంటల ప్రయాణం చేయించి తీసుకెళ్ళాం చూడండి, మా తెలివి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇటాలియన్‌లో మీ పేరు పస్సెజ్జీనో. పస్సెజ్జాతా అంటే సాయంత్రం పూట ఇంటిల్లిపాదీ చేసే షికారు. ఏడింటికి ఊరంతా వీధిలోకి వస్తుంది. మీ జాతివాళ్ళే, కాస్త పెద్ద చక్రాలవాళ్ళు, అవే రాళ్ళ మీద తొణక్కుండా బెణక్కుండా పోతుంటే, వాటిలో వాళ్ళ పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు. నేను చూసి ఊరుకున్నాను. మీరైతే సిగ్గుపడాల్సింది.

ఆ మర్నాడే దుయోమో అనే పెద్ద చర్చి ముందు జనంలో నా గుండె ఆగిపోయింది. తిరిగి చూస్తే మీరు ఖాళీ. బెల్టు ఊడి ఉంది, పిల్లాడు లేడు. "చిన్నాడేడీ!" అని నేను పెట్టిన కేకకి ఇద్దరు పోలీసులు, ఒక బొమ్మలమ్మే అబ్బాయి, ఎవరో తమిళ కుటుంబం పరుగెత్తుకొచ్చారు. చిన్నాడు నా చంకలోనే ఉన్నాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో నాకు ముప్పై నాలుగేళ్ళకు ఫ్లోరెన్స్‌లో తెలిసింది. ఆ తమిళావిడ ఏమీ అనకుండా నా చేతిలో ఓ చాక్లెట్టు పెట్టి వెళ్ళింది.

పీసా గురించి ఎక్కువ రాయను. ఎనిమిదేళ్ళు నిండని పిల్లల్ని ఆ టవరెక్కనివ్వరని మాకు అక్కడికి వెళ్ళాక తెలిసింది. పాపకి ఆరు. జీకే పుస్తకంలో బొమ్మ చూసి ఏడాదిగా ఎదురుచూసిన పిల్ల. పచ్చిక మీద పడి ఏడ్చింది. అప్పుడే మీ ముందు చక్రం ఒకటి ఎడమకు ఒరిగింది. ఆ టవరు కూడా ఇలాగే మరీ ఒరుగుతోందని 1990లో మూసేసి, ఉత్తరం వైపు పునాది కింద నుంచి కొద్దికొద్దిగా మట్టి తీసి, నలభై సెంటీమీటర్లకు పైగా సరిచేసి, 2001లో మళ్ళీ తెరిచారు. మా ఆయన కూడా ఇంజనీరే కదా. మీ ఇరుసు కింద మడతపెట్టిన రైలు టికెట్టు కూరి నాలుగు నిమిషాల్లో సరిచేశారు. మీరు కుడివైపుకి ఒరిగారు. అందరూ టవరుని చేత్తో ఆపుతున్నట్టు ఫోటోలు దిగుతుంటే, మేం మిమ్మల్ని నిజంగానే ఆపుతూ దిగాం.

ఇక వెనిస్. నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊరు, ఎటు కదిలినా మెట్లే, ఒక్క కారు లేదు. స్టేషన్ బయటే పడవ ఉంది. టికెట్టు మనిషికి 9.50 యూరోలు, ఆరేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. పాపకు ఆరు నిండి పదకొండు రోజులు. మా ఆయన మూడు టికెట్లనూ రూపాయల్లోకి గుణించి, గుణించిన చోటే నిలబడిపోయారు. "మ్యాపులో పద్దెనిమిది నిమిషాలే చూపిస్తోంది, నడిచేద్దాం" అన్నారు. ఆ మ్యాపు మెట్లు లెక్కపెట్టదని ఆయనకెవరు చెబుతారు?

మొదటి వంతెన దగ్గర మిమ్మల్ని మడవబోయాం, ఒక్క సెకను కదా అని. మడవాలంటే ముందు డైపర్లు, నీళ్ళు, కందిపొడి, పీసాలో కొన్న అయస్కాంతాలు, బూట్లు అన్నీ దించాలి. దించి, మడిచి, వంతెన దాటి, విప్పి, అన్నీ ఎక్కించి ముప్పై అడుగులు వేశామో లేదో, రెండో వంతెన. ఇక మడవడం మానేశాం. మా ఆయన వెనక పట్టుకుని ఎత్తితే, అటుగా పోతున్నవాళ్ళెవరో మాట్లాడకుండా ముందు చక్రాలు పట్టుకుని ఎత్తేవారు. దింపాక "ప్రేగో", అంటే పర్లేదు, అనేసి, మేం థ్యాంక్స్ చెప్పేలోపే వెళ్ళిపోయేవారు. ఒక వంతెనకి కాలేజీ కుర్రాడు, ఇంకో వంతెనకి సూటు వేసుకున్న పెద్దమనిషి, మరోచోట చేతిలో కూరగాయల సంచీ ఉన్న డెబ్బై ఏళ్ళ అమ్మమ్మ. ఆవిడ ఎత్తుతూ లోపలికి తొంగిచూసింది, పాపాయిని ముద్దు చేద్దామని. లోపల బూట్లున్నాయి. ఆవిడ మొహం నేను మర్చిపోలేను. పాప మాత్రం "ఏడు... ఎనిమిది..." అంటూ వంతెనలు లెక్కపెడుతూ ముందు నడిచింది. పల్లకీ ముందు భజంత్రీల్లాగా.

దారిలో సామాన్లు చేరవేసే వెనిస్ కూలీ ఒకాయన "అత్తెన్సియోనే!" (జాగ్రత్త!) అని అరుస్తూ మమ్మల్ని దాటిపోయాడు. ఆయన తోపుడుబండికి ముందు రెండు చిన్న చక్రాలు అదనంగా ఉన్నాయి, మెట్టు అంచున ఆనించి ఎక్కించడానికి. బండి నిండా మినరల్ వాటర్ కేసులు. టకటకా వంతెనెక్కి దిగిపోయాడు. మీరు చూశారో లేదో, చూడమనే చెబుతున్నాను. ఆ బండికి కప్పు పెట్టుకునే హోల్డరు లేదు, మొబైల్ స్టాండు లేదు, పద్నాలుగు వీడియోలూ లేవు.

గంటా పది నిమిషాల తర్వాత బస చేరాం. మూడో అంతస్తు. లిఫ్టు సంగతి మీరే ఊహించుకోండి.

సరే, అసలు విషయానికి వస్తాను. ఊరికే తిట్టడానికి రాయలేదు. మా ఆయన ఆఫీసులో ఒకతను వచ్చే నెల భార్యాపిల్లలతో ఇటలీ వెళ్తున్నాడు. "అన్నా, స్ట్రోలర్ పట్టుకెళ్ళారుగా, ఉపయోగపడిందా?" అని అడిగాడట. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "సూపర్ తమ్ముడూ, అది లేకపోతే మా పని అయిపోయేది. నువ్వు కొత్తది కొనడమెందుకు, మాదే తీసుకుపో" అన్నారట. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన ఇంత ధారాళంగా అబద్ధమాడటం నేను వినలేదు.

వాళ్ళు ఆదివారం పొద్దున్నే వస్తున్నారు. శనివారం రాత్రే మిమ్మల్ని అటక మీంచి దింపుతాం. కాస్త నిటారుగా నిలబడండి.

ఇట్లు,
మీ వాహనం

తా.క.: సీటు మీది నీలం మరక మూడుసార్లు ఉతికినా పోలేదు. అడిగితే డిజైనని చెబుతాను, మీరు నోరు మూసుకోండి. ఇరుసు కింద పీసా టికెట్టు ఇంకా ఉంది. అది మాత్రం తీయనివ్వకండి.