మూడేళ్ల అసహనపరులు

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో పరమత, పరకుల, పరభాషా సహనాన్ని పెంపొందించడమెలాగో అంగన్‌వాడీ టీచర్లకు నేర్పడానికి ఈమధ్య తిరుపతిలో ఒక్కరోజు శిక్షణ నిర్వహించారు. బలపం కోసం కొట్టుకుని, మరుక్షణంలో ఒకే పళ్లెంలో తినే ఆ ప్రమాదకరమైన వర్గంపై ప్రభుత్వం ఇంతకాలానికైనా దృష్టి సారించినందుకు మనమంతా ఊపిరి పీల్చుకోవాలి.

తొమ్మిదికల్లా హాలులో ఉండాలన్నారు కనుక సత్యవేడు వైపు టీచర్లు చీకటితోనే బస్సెక్కారు. ప్రారంభించవలసిన అధికారి మాత్రం కొండకు వచ్చిన ఎవరో పెద్దమనిషికి బ్రేక్ దర్శనం చేయించి, పన్నెండు దాటాక లడ్డూల సంచితో విచ్చేసి, వరుసలో ఓపికగా నిలబడే సంస్కారం పసితనంలోనే అలవడాలని ఉద్బోధించారు. చప్పట్లు కొట్టారు, కొట్టక చస్తారా?

తరువాత, సహన సూత్రాలపై 1995లో యునెస్కో చేసిన ప్రకటనను తెరమీద ఇంగ్లీషులో చూపి, శిక్షకుడు అభినయానికి దిగాడు. యాభై దాటిన ఒక టీచరమ్మ బొమ్మ లాక్కోవాలి, మోకాళ్ల నొప్పులున్న మరొకామె నేలమీద కూలబడి ఏడవాలి. ఆమె కూలబడింది గానీ లేవలేకపోయింది. ఇద్దరు పట్టి లేపుతుండగా ఆ కుర్ర శిక్షకుడు మైకు ఆమె నోటిదగ్గర పెట్టి, "ఇప్పుడు మీ కోపం ఏ రంగులో ఉందమ్మా?" అని అడిగాడు. అప్పటికే అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ తెరిచి పట్టుకున్న ఆమె ఫోను వంక చూసి, "ఇంకా లోడవుతా ఉంది సార్" అన్నది.

ఇంట్లో అరవం మాట్లాడే బిడ్డను తక్కినవాళ్లు వెక్కిరించకుండా, అంకెల పాటను రెండు భాషల్లోనూ అందరిచేతా పాడించే టీచర్లు ఆ హాలులోనే ఉన్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. 11,500 రూపాయల గౌరవ వేతనం పెంచమని 2023 డిసెంబరులో రోడ్డెక్కి, 42 రోజుల సమ్మె ముగియకముందే సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం రుచి చూసినవారికి అడగకుండా మాట్లాడకూడదని తెలుసు.

శిక్షణలో లేని పాఠం ఒకటుంది. కేంద్రంలో వండిపెట్టే ఆయా ఏ కులమో ఆరా తీసి, "మా బిడ్డకు గుడ్డు పచ్చిదే ఇచ్చేయండమ్మా, ఇంట్లో ఉడకేసుకుంటాం" అని వచ్చే తండ్రికి ఏం చెప్పాలి? ఆ మాట అతడు ఆయా ఎదుటే, బిడ్డ చెయ్యి పట్టుకుని అంటాడు. బిడ్డ వింటుంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలోనే నిషేధించిందని టీచరు గట్టిగా నిలబడితే, పైనుంచి వచ్చే ఆదేశం "ఊళ్లో గొడవలెందుకు, సర్దుకుపోమ్మా" అని. సిగ్గులేదా మీకు? రోగం పెద్దల ఒంట్లో పెట్టుకుని పసిపిల్లల నోట్లో మందు పోస్తారా? సర్దుకుపొమ్మన్నవారే కదా రేపు వేదికమీద దీపం వెలిగించేది!

మలివిడత శిక్షణకు నిధులున్నాయట. ఈసారి టీచర్లను వాళ్ల కేంద్రాల్లో వదిలేసి, ఆ తండ్రులను పిలిపించండి. తొమ్మిదికే రమ్మనండి. వంట ఆయాలకు అప్పగించి, ఆ పనికి వాళ్లకు కూలి కట్టివ్వండి. భోజనం చేసినవాళ్లకే హాజరు వెయ్యండి. మొదటి పంక్తిలో అధికారులకు కూడా విస్తళ్లు వెయ్యడం మరవకండి.