60 దాటితే కౌన్సిల్ 30,000 పౌండ్లు ఇస్తుందట! ఆ మెసేజ్‌లో నిజమెంత?

బ్రిటన్‌లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇది: ఇంట్లో 60 దాటిన పెద్దవాళ్లుంటే చాలు, ఇంటి రిపేర్లకు కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) 30,000 పౌండ్లు ఫ్రీగా ఇస్తుంది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినా పర్లేదు. ముందు పని చేయించుకుని తర్వాత బిల్లులు పంపాలి. తిరిగి కట్టే పనే లేదు. ఫారం నింపడం రాకపోతే మా మనిషి చేసిపెడతాడు, పది శాతం ఇస్తే చాలు.

ఇందులో నిజానికి దగ్గరగా ఉన్నది 30,000 అన్న అంకె. అదీ ఇంగ్లండ్ వరకే. అదీ గరిష్ఠ పరిమితి మాత్రమే, ఇచ్చేది ఎంత అవసరమైతే అంతే. దీని పేరు డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు వీలుగా ఇంటిని మార్చడానికి ఇచ్చే సాయం. 1996 నాటి హౌసింగ్ గ్రాంట్స్, కన్‌స్ట్రక్షన్ అండ్ రీజెనరేషన్ చట్టం కింద వస్తుంది. వేల్స్‌లో పరిమితి 36,000 పౌండ్లు. స్కాట్లాండ్‌లో ఈ గ్రాంటే లేదు. అక్కడ వేరే చట్టం ఉంది, తప్పనిసరి మార్పులకు ఖర్చులో కనీసం 80 శాతం ఇస్తారు.

వయసు సంగతి చూద్దాం. 60 నిండినందుకు ఈ గ్రాంట్ రాదు, నిండలేదని ఆగదు. చూసేది వైకల్యాన్ని. అయిదేళ్ల పిల్లాడికీ రావచ్చు. ఇక రిపేర్లంటారా, కారే రూఫుకీ పాత కిటికీలకీ దీనితో సంబంధం లేదు. 2002లో వచ్చిన మార్పు తర్వాత మామూలు రిపేర్లకు సాయం చేయాలా వద్దా అన్నది ఆ కౌన్సిల్ ఇష్టం. చేసినా చాలాచోట్ల అది అప్పు రూపంలోనే ఉంటుంది, ఇల్లు అమ్మినప్పుడు వసూలు చేసుకుంటారు.

గ్రాంట్ దేనికంటే, ఇంట్లోకి రావడానికి, పడగ్గదికి చేరడానికి, టాయిలెట్, స్నానం, వంట, హీటింగ్, స్విచ్‌లు చేతికందేలా మార్చడం, గార్డెన్‌లోకి వెళ్లే దారి వంటివాటికి. మనవాళ్లు ఎక్కువగా అడిగేవి మూడు: ర్యాంప్, స్టెయిర్‌లిఫ్ట్, బాత్‌టబ్ తీసేసి వెట్ రూమ్ (గడప, టబ్ లేకుండా నేల మీదే షవర్ ఉండే స్నానాల గది). ఆ పని అవసరమా, ఆ మనిషికి తగినదా అన్నది సాధారణంగా ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్, వచ్చి చూసి చెబుతారు. ఆ ఇంట్లో అది చేయడం సాధ్యమా, సబబా అన్నది హౌసింగ్ వాళ్లు తేలుస్తారు. స్టెయిర్‌లిఫ్ట్‌తో సరిపోతుందని తేలితే కింద కొత్త గది కట్టివ్వరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "ముందు పని చేయించుకోండి" అన్నది. చట్టం సరిగ్గా దీనికి అడ్డంగా ఉంది. గ్రాంట్ మంజూరు కాకముందే మొదలుపెట్టిన పనికి మామూలుగా డబ్బు రాదు. మోకాలి ఆపరేషన్ అయిన అత్తగారు వచ్చే వారం హాస్పిటల్ నుంచి వస్తున్నారని కంగారుపడి, క్రెడిట్ కార్డు మీద వెట్ రూమ్ కట్టించి, తర్వాత బిల్లు పట్టుకుని కౌన్సిల్‌కు వెళ్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మంజూరయ్యాక కూడా డబ్బు మన అకౌంట్‌లో పడుతుందనుకోకండి. చాలావరకు పని పూర్తయ్యాక వచ్చి చూసుకుని బిల్డర్‌కే కడతారు.

మరి ఈలోగా ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఆ మెసేజ్‌లో జవాబు లేదు, చట్టంలో ఉంది. ఇంగ్లండ్‌లో కేర్ యాక్ట్ కింద, అవసరమని తేలితే, రోజువారీ సాయపడే పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. 1,000 పౌండ్లలోపు అయ్యే చిన్న మార్పులూ అంతే. గ్రాబ్ రైల్ (గోడకు బిగించే పట్టుకునే కడ్డీ), కమోడ్ కుర్చీ, మెట్ల పక్కన రెండో రెయిలింగ్ ఇలాంటివే. దీనికి ఆదాయం లెక్క చూడరు. హాస్పిటల్ నుంచి పంపేముందే అక్కడి ఓటీని అడగండి.

ఇక ఆదాయం. మెసేజ్ ప్రకారం ఎవరికైనా వస్తుంది. దాని కింద ఎవరో ఒకరు "మన జీతాలకు ఇవన్నీ రావులే" అని పెడతారు. రెండూ తప్పే. నాకైతే రెండోదే ఎక్కువ నష్టం అనిపిస్తుంది, ఎందుకంటే అది విని అర్హత ఉన్నవాళ్లు అడగడం మానేస్తారు. లెక్కలోకి తీసుకునేది వైకల్యం ఉన్న మనిషి, ఆ మనిషి భార్య లేదా భర్త ఆదాయం, పొదుపు మాత్రమే. ఇక్కడే స్థిరపడి కొడుకు ఇంట్లో ఉంటున్న తల్లికి ర్యాంప్ కావాలంటే ఆమె లెక్కే చూస్తారు, కొడుకు జీతం కాదు. పొదుపులో మొదటి 6,000 పౌండ్లు వదిలేస్తారు. ఉంటున్న ఇంటి విలువ లెక్కలోకి రాదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గ్యారంటీ పెన్షన్ క్రెడిట్, యూనివర్సల్ క్రెడిట్ లాంటివి వస్తుంటే వేరే ఆదాయ పరీక్షే ఉండదు.

పిల్లల విషయంలో ఇంకా సులువు. ఇంగ్లండ్‌లో 18 ఏళ్లలోపు పిల్లల కోసం అడిగితే తల్లిదండ్రుల ఆదాయం అసలు చూడరు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైనా, డాక్టర్లైనా సరే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాపను రోజూ ఎత్తుకుని మెట్లెక్కుతున్న తల్లిదండ్రులకు ఈ ఒక్క ముక్క ఫార్వర్డ్ చేసినా మేలు. అద్దె ఇంట్లో ఉన్నా అడగవచ్చు, కాకపోతే ల్యాండ్‌లార్డ్ ఒప్పుకోవాలి.

విజిటర్ వీసా మాట మరీ విడ్డూరం. ఆ మనిషి అయిదేళ్లపాటు, ఆరోగ్యరీత్యా కుదరకపోతే తప్ప, ఆ ఇంటినే ప్రధాన నివాసంగా చేసుకుని ఉంటారని సంతకం పెట్టాలి. ఆరు నెలల వీసా మీద వచ్చిన నాన్నగారి పేరున ఆ కాగితం మీద ఎలా సంతకం పెడతారు? డబ్బు రాకపోగా, అబద్ధం చెప్పారన్న మచ్చ మిగులుతుంది. వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే అటెండెన్స్ అలవెన్స్, పిప్ లాంటి భత్యాలు ఇమిగ్రేషన్ రూల్స్‌లో పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ నిధులు) కిందికి వస్తాయి. వీసాలో పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదన్న షరతు ఉన్నవాళ్లు దేనికైనా అప్లై చేసేముందు ఇమిగ్రేషన్ సలహాదారుని అడగాలి.

"తిరిగి కట్టే పనే లేదు" అన్నది సగం నిజం. ఇంగ్లండ్‌లో సొంత ఇంటివాళ్లకు ఇచ్చిన గ్రాంట్ 5,000 పౌండ్లు దాటితే, కౌన్సిల్ ఆ పైమొత్తానికి ఇంటి మీద చార్జ్, అంటే ఆ డబ్బు వెనక్కి తీసుకునే హక్కు, పెట్టుకోవచ్చు. పదేళ్లలోపు ఇల్లు అమ్మితే 10,000 పౌండ్ల వరకు వెనక్కి అడగవచ్చు. అందరినీ అడగాలని లేదు, పరిస్థితి చూస్తారు. రెండేళ్లలో పెద్ద ఇంటికి మారాలనుకునేవాళ్లు మాత్రం సంతకానికి ముందే తెలుసుకోవాలి.

చివరగా, ఆ పది శాతం మనిషి. ఫారం ఉచితం. ఓటీ అసెస్‌మెంట్ కోసం పెద్దలకైతే కౌన్సిల్ అడల్ట్ సోషల్ కేర్‌కు, పిల్లలకైతే చిల్డ్రన్స్ సర్వీసెస్‌కు ఫోన్ చేయాలి. కొన్ని ప్రాంతాల్లో ఓటీ కౌంటీ కౌన్సిల్ తరఫున వస్తారు, గ్రాంట్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఇస్తుంది, ఫైలు రెండింటి మధ్యా నలుగుతుంది. పూర్తి అప్లికేషన్ అందిన ఆరు నెలల్లో జవాబివ్వాలన్నది చట్టం. ఓటీ కోసం ఎదురుచూసిన నెలలు ఆ ఆరులో లెక్కకు రావు, కాబట్టి అప్లికేషన్ ఏ తేదీన అందిందో రాతలో తీసుకోండి. గడువు దాటితే ముందు కౌన్సిల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. దానికీ ఫీజు లేదు.