లాగ్‌బుక్‌లో కారణం రాస్తేనే సెన్సార్లకు విలువ
ఫ్యాక్టరీలో మెషిన్లకు సెన్సార్లు పెడితే అవి ఆగిపోయే సంగతి ముందే తెలుస్తుందని అంటుంటారు, అది నిజమే. తిరిగే ఇరుసును మోసే బేరింగ్ పాడవుతున్నప్పుడు ముందు వైబ్రేషన్ పెరుగుతుంది, వేడి చాలా ఆలస్యంగా బయటపడుతుంది. చేయి పెట్టి చూసి కాలుతోంది అనుకునేసరికి దాని పని అయిపోయినట్టే. కానీ విజయనగరం జిల్లా జూట్ మిల్లులో మెయింటెనెన్స్ చేసినవాడిగా ఒకటి చెప్పాలి. డేటా మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, తిరగేసేవాళ్లే లేరు. నూలు వడికే స్పిన్నింగ్ ఫ్రేము ఎన్నింటికి ఆగింది, మళ్లీ ఎన్నింటికి తిరిగింది అని ప్రతి షిఫ్టులో లాగ్‌బుక్‌లో రాస్తారు. కారణం దగ్గర మాత్రం 'మెకానికల్' అని ఒక్క ముక్క. బేరింగా, బెల్టా, నార పొట్టు చుట్టుకుని నూలుకు పురి పెట్టే ఫ్లయర్ బిగుసుకుందా? అది రాయకపోతే ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చెబుతుంది? మా దగ్గర ఒక ఫ్రేము ఆగిన వేళలన్నీ వరసగా పెట్టి చూస్తే ఎక్కువ భాగం షిఫ్టు మారే సమయానికే ఉన్నాయి. గ్రీజు పెట్టేది అవతలి షిఫ్టు వాళ్లేనని ఎవరికి వాళ్లు వదిలేస్తున్నారు. ఇంకోటి, ఎండాకాలం గాల్లో తేమ తగ్గితే నూలు తెగడం ఎక్కువవుతుంది. దాన్ని కూడా మెషిన్ ఖాతాలో రాసేస్తే లెక్కంతా తప్పుతుంది. ముందు ఆ కారణం గడిలో మామూలుగా వచ్చే రిపేర్ల పేర్లు అచ్చువేయించి టిక్ పెట్టించండి, ఉన్నది ఉన్నట్టు రాసిన ఆపరేటర్‌ని దయచేసి తిట్టకండి.